డాక్టరు ఎల్లాప్రగడ సుబ్బారావు

పల్లెటూరి ఆరోగ్య ఉపకేంద్రమున గర్భవతులకిచ్చు ఎఱ్ఱని మాత్రను ఎఱుగనివారుండరు. అది రక్తము పట్టించు ఇనుప మాత్రయని పెద్దవారు చెప్పుదురు. ఇనుముతోపాటు అందు ఫోలిక్ ఆమ్లమను వేఱొక పదార్థము అర మిల్లీగ్రాము కలిసియుండును. బోదకాలు రాకుండుటకై 2004 నుండి పెక్కేండ్లు ఇంటింట పంచిన డి.ఇ.సి. మాత్రలను గూడ నల్లగొండ, మహబూబ్‌నగర్ ప్రాంతపు పల్లెలు బాగుగ నెఱుగును. ఈ రెండు మందులును ఒక్క పరిశోధనశాలనుండి, రెండు మూడేండ్ల వ్యవధిలో, ఒక తెలుగువాని ఆధ్వర్యమున లోకమునకు వచ్చినవి. ఆ మాత్రలు మ్రింగినవారు కోట్లమంది. ఆయన పేరు విన్నవారు కొలదిమంది. ఆయనయే ఎల్లాప్రగడ సుబ్బారావు.

సుబ్బారావు 1895 వ సంవత్సరము జనవరి 12 వ తేదీన భీమవరములో జన్మించెను. తండ్రి జగన్నాథము రెవెన్యూ శాఖలో చిన్న ఉద్యోగి, తల్లి వెంకమ్మ. సంతానము ఏడుగురు. తండ్రి బెరిబెరి వ్యాధిచే నీరసించి, కాలము తీరకముందే ఉద్యోగము విడువవలసివచ్చెను. మరపట్టిన తెల్లని బియ్యములో తవుడుతోపాటు ఒక విటమిను పోవుననియు, దాని లోపముచే బెరిబెరి కలుగుననియు నేడు బడిపిల్లలు గూడ చదువుకొనుచున్నారు. నాటి గోదావరి తీరమున ఆ మాట తెలిసినవారు లేరు. అన్నము తినుచునే మనిషి ఎందుకు కృశించుచున్నాడో ఇంటివారికి అర్థము కాలేదు. తిండిలో కానరాని ఏదో ఒక వస్తువు మనిషి ప్రాణమును నిలుపుచున్నదను విషయమును కనుగొనుటలో ఆ ఇంటి పిల్లవాడే తరువాత పాలు పంచుకొనెను.

కాని ఆ పిల్లవానికి చిన్ననాడు చదువుమీద ఆసక్తి లేదు. పదుమూడవ యేట, వరుసకు అన్నదమ్ముడైన మఱియొక బాలునితో కూడి, కాశికి పోయి యాత్రికులకు అరటిపండ్లు అమ్మి ధనవంతుడు కావలెనని ఇల్లు విడిచెను. ఇంటివారు పట్టి తెచ్చిరి. తరువాత రాజమహేంద్రవరములోను, మద్రాసులోను చదివి, మెట్రిక్యులేషను పరీక్షలో రెండుమాఱులు తప్పి, మూడవమాఱు హిందూ హైస్కూలునుండి ఉత్తీర్ణుడయ్యెను. ఈ నడుమ తండ్రి గతించెను. కొడుకు చదువు ఆగరాదని వెంకమ్మ తన నగలు అమ్మెను. ఆమె పట్టుదల లేకున్నచో ఈ కథ కాశీ దారిలోని అరటిపండ్ల గంపతోనే ముగిసియుండెడిది.

మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలలో చదువుచున్నప్పుడు సుబ్బారావు మనస్సు వైరాగ్యమువైపు మరలెను. రామకృష్ణ మఠములో చేరి సన్యసించవలెనని కోరెను. తల్లి ఒప్పుకొనలేదు. వైద్యము నేర్చి రోగులకు సేవచేయుటయు సన్యాసమువంటిదేయని మఠమువారే ఆయనను వైద్యకళాశాలకు మరలించిరి. అక్కడ శరీరశాస్త్రము, రసాయనశాస్త్రము ఆయనను ఆకర్షించెను. 1919 వ సంవత్సరము మే నెలలో కస్తూరి సూర్యనారాయణమూర్తిగారి కుమార్తె శేషగిరితో వివాహము జరిగెను. అది గాంధీమహాత్ముని పిలుపు దేశమంతట మ్రోగుచున్న కాలము. సుబ్బారావు శస్త్రచికిత్స గదిలోనికి ఖద్దరు అంగీ ధరించి ప్రవేశించెను. శస్త్రచికిత్స ఆచార్యుడు బ్రాడ్‌ఫీల్డు దొరకు అది కంటగింపయ్యెను. మిగిలిన శాస్త్రములలో ఎంత బాగుగ వ్రాసినను ఆ ఒక్క శాస్త్రములో తక్కువ పడి, ఎం.బి.బి.ఎస్. పట్టాకు మాఱుగ ఎల్.ఎం.ఎస్. అను తక్కువ తరగతి పట్టా చేతికి వచ్చెను. మద్రాసు వైద్యశాఖలో మంచి ఉద్యోగమునకు ఆ పట్టా చాలలేదు.

పట్టా తగ్గిన దుఃఖముకంటె వేయిరెట్లు పెద్ద దుఃఖమును ఆయన యౌవనముననే చూచెను. గ్రహణి వ్యాధి ఆ కుటుంబముపై పడెను. ఈ జబ్బు పట్టినవానికి తిన్నది వంటబట్టదు. నాలుక పుండ్లుపడును. తెల్లని విరేచనములగును. రక్తము క్షీణించి మనిషి నెలల తరబడి ఎండిపోవును. అన్న పురుషోత్తము, తమ్ముడు కృష్ణమూర్తి ఇద్దఱును ఎనిమిది దినముల వ్యవధిలో ఈ వ్యాధికి బలియైరి. వైద్యము చదివినవాడు ఇంటిలో ఉండియు చేయగలిగినది లేకపోయెను. ఆ కాలమున ఏ దేశపు వైద్యునికిని దీని కారణము తెలియదు. తనవారు తన కన్నుల యెదుట రాలుచుండగా, తాను నేర్చిన శాస్త్రమునకు వారిని కాపాడు శక్తి లేదని తెలిసికొనుటకంటె వైద్యునికి కష్టమైనది మఱి ఏమున్నది!

అంతలో ఆ వ్యాధియే సుబ్బారావును గూడ పట్టుకొనెను. ఆంగ్ల వైద్యము పనిచేయలేదు. అప్పుడు ఆచంట లక్ష్మీపతిగారు ఆయనకు ఆయుర్వేద చికిత్స చేసిరి. లక్ష్మీపతిగారు పాశ్చాత్య వైద్యమున పట్టభద్రులయ్యు ఆయుర్వేదమును అభ్యసించి, రెండు విద్యలను ఎఱిగిన మహనీయులు. ఆయన సతీమణి రుక్మిణీ లక్ష్మీపతిగారు ఉప్పు సత్యాగ్రహమున చెఱకేగిన దేశభక్తురాలు. ఆ చికిత్సతో సుబ్బారావు బ్రదికెను. బ్రదికి లేచి, లక్ష్మీపతిగారి ఆయుర్వేద కళాశాలలోనే శరీరనిర్మాణ శాస్త్రమును బోధించు పనికి కుదిరెను. తనను బ్రదికించిన మందులో ఏ పదార్థము పనిచేసినదో తెలిసికొనవలెనను కోరిక ఆయనకు కలిగెను. అందఱును మందు పుచ్చుకొని కోలుకొని మఱచిపోవుదురు. సుబ్బారావు మఱచిపోలేదు. ఆ ఋణము తీర్చుటకు ఆయన ఎంచుకొన్న మార్గము ఆ మందును ప్రశ్నించుట.

ఆ ప్రశ్నకు తగిన పరికరములు మద్రాసులో లేవు. అమెరికాకు పోవలెనని నిశ్చయించెను. కాకినాడలో మల్లాడి సత్యలింగ నాయకరుగారి ధర్మసంస్థ కొంత, మామగారు కొంత ధనసహాయము చేసిరి. సత్యలింగ నాయకరుగారు రంగూనులో ఆర్జించిన ధనమును ధర్మకార్యములకు వ్రాసియిచ్చిన దాత. 1922 వ సంవత్సరము అక్టోబరు 26 వ తేదీన సుబ్బారావు బోస్టను నగరము చేరెను. బయలుదేరునప్పుడు శేషగిరి గర్భవతి. త్వరలోనే తిరిగి రావలెనను తలంపుతో ఆయన ఓడ యెక్కెను. కాని తిరిగి రాలేదు. పుట్టిన కుమారుడు ఏడాదియైనను నిండకముందే, చర్మము ఎఱ్ఱబారి వాచి జ్వరముతో ప్రాకు విసర్పి రోగముచే చనిపోయెను. తండ్రి ఆ బిడ్డ ముఖమును చూడనేలేదు. శేషగిరి పుట్టినింట ఉండి ఇరువదియాఱేండ్లు భర్తకొఱకు ఎదురుచూచెను. ఈ విషయమున సుబ్బారావును సమర్థించుట సులభము కాదు. లోకమునకు ఆయన ఇచ్చినదానిలో ఆ ఇల్లాలి భాగము గూడ ఉన్నదని మాత్రము చెప్పవలసియున్నది.

బోస్టనులో హార్వర్డు విశ్వవిద్యాలయపు ఉష్ణమండల వైద్యశాలలో చేరెను. వేతనము లేదు. భారతదేశపు పట్టాతో ఆ దేశమున వైద్యము చేయుటకు వీలులేదు. పగలు చదువు, రాత్రి పీటర్ బెంట్ బ్రిగ్‌హామ్ ఆసుపత్రిలో పరిచారకుని పని. ఆ పని యెట్టిదో వివరముగ చెప్పుట మంచిది. లేవలేని రోగుల మంచముల చెంతకు పోయి, మలమూత్ర పాత్రలను అందించి, తీసి, కడిగి, మరల పెట్టుట. వైద్యపట్టా గల బ్రాహ్మణ యువకుడు, మద్రాసులో నలుగురికి పాఠము చెప్పినవాడు, పరదేశమున తెల్లవాఱులు ఈ పని చేసి, ఉదయముననే పాఠశాలకు పోయెను.

మన దేశమున ఈ పనిని తక్కువగ చూచు అలవాటు నిన్న మొన్నటిది కాదు. ఆసుపత్రికి పోయి వచ్చినవారు డాక్టరుగారి పేరు చెప్పుదురు, నర్సమ్మ మంచిదని చెప్పుదురు. పాత్ర కడిగినవాని పేరు అడిగినవారు అరుదు. రోగమున మనిషి మొట్టమొదట కోల్పోవునది సిగ్గు దాచుకొను శక్తి. ఆ వేళ ముఖము చిట్లింపక పాత్ర అందించినవాడు సగము వైద్యము చేసినట్లే. మంచముపై పడియున్నవానికి గదిలోనికి వచ్చు మనిషి ముఖమే పగలును రాత్రియు. సుబ్బారావు రోగిగ ఆ వైపునుండియు, పరిచారకునిగ ఈ వైపునుండియు ఆ పాత్రను చూచినవాడు. ఆయన పేరు వైద్య చరిత్రలో చేరుటకు ముందు ఆయన చేసిన ఈ పనికి ఎవరును బిరుదు ఈయలేదు.

తరువాత ఆయన హార్వర్డులో జీవరసాయన శాస్త్ర శాఖకు మాఱెను. ఆ శాఖకు ఓటో ఫోలిన్ ఆచార్యుడు. సుబ్బారావు పనిచేసినది సైరస్ ఫిస్కేతో. రక్తములోను, మూత్రములోను భాస్వరము ఎంత ఉన్నదో రంగునుబట్టి కొలుచు పద్ధతిని వారిద్దఱును 1925 లో ప్రకటించిరి. ఫిస్కే-సుబ్బారావు పద్ధతియని నేటికిని శాస్త్రవిద్యార్థులు నేర్చుచున్నారు. ఆ కొలతయే వారిని కండరముల రహస్యమునకు చేర్చెను. 1927 లో ఫాస్ఫోక్రియాటిన్‌ను, 1929 లో ఎ.టి.పి. యను పదార్థమును కండరములనుండి వేఱుచేసిరి. ఎ.టి.పి.ని అదే సంవత్సరము జర్మనీలో లోమన్ అను శాస్త్రజ్ఞుడు గూడ వేఱుగ కనుగొనెను. కాపు నాగలి పట్టినను, తల్లి బిడ్డ నెత్తినను కండరము ఖర్చుచేయునది ఈ ఎ.టి.పి.నే. ఇంటిలో దంచి సిద్ధముగ ఉంచిన బియ్యమువంటిది అది. ఫాస్ఫోక్రియాటిన్ దాని ప్రక్కనే ఉంచిన వడ్లకుండ. బియ్యము తఱుగగానే కుండనుండి తీసి దంచుదురు.

1930 లో డాక్టరేటు పట్టా వచ్చెను గాని హార్వర్డులో స్థిరమైన పదవి రాలేదు. ఫిస్కేకు గల అసూయవలన సుబ్బారావు చేసిన పనిలో కొంత వెలుగు చూడలేదనియు, ఇతరులు దానిని మరల మొదటినుండి కనుగొనవలసివచ్చెననియు, ఆ ప్రయోగశాలలోనే విద్యార్థిగ ఉండి 1988 లో నోబెల్ బహుమానము పొందిన హిచింగ్సు తరువాత తెలిపెను. సుబ్బారావు తన పేరుకొఱకు పోరాడలేదు. ఇది గుణమా, లోపమా యని వాదించుట వ్యర్థము. ఆయన స్వభావము అట్టిది.

1940 లో న్యూయార్కు రాష్ట్రమున పెర్ల్ రివరు అను చోటనున్న లెడర్లీ పరిశోధనశాలలో చేరి, కొలదికాలములోనే పరిశోధన విభాగమునకు అధిపతియయ్యెను. మద్రాసులో విడిచిన ప్రశ్న అక్కడ మరల చేతికి వచ్చెను. రక్తహీనతను పోగొట్టు వస్తువేదో కాలేయములో ఉన్నదని వైద్యులు ఎఱుగుదురు. లూసీ విల్సు అను ఆంగ్ల వైద్యురాలు 1928 మొదలు బొంబాయిలో నేతమిల్లు కార్మిక స్త్రీలను పరీక్షించి, గర్భవతులకు కలుగు ఒకవిధమగు రక్తహీనత ఈస్టు సారముతో నయమగుచున్నదని కనుగొనియుండెను. బీద ఇంటి గర్భిణి తిండిలో తక్కువైన ఆ వస్తువేది? 1941 లో వేఱొక శాస్త్రజ్ఞ బృందము దానిని పాలకూరనుండి తీసి, ఆకు అని అర్థమిచ్చు లాటిన్ మాటనుబట్టి ఫోలిక్ ఆమ్లమని పేరిడెను. దానిని శుద్ధముగ వేఱుచేసి, నిర్మాణము తెలిసికొని, కృత్రిమముగ తయారుచేయు పని సుబ్బారావు బృందమునకు దక్కెను. 1945 లో ఆ వార్తను ప్రకటించిన వ్యాసముపై పదునాఱుగురి పేర్లున్నవి. బృందపు నాయకుని పేరు ఆ వరుస నడుమ నెక్కడనో కలిసియున్నది.

ఆకుకూరలో ఉన్న వస్తువే మాత్రలో ఉన్నదని తెలిసిన తరువాత, తోటకూర పులుసు చేసిపెట్టిన నాయనమ్మలు శాస్త్రము తెలియకయే శాస్త్రము చేసిరని సంతోషింపవచ్చును. అయితే ఎక్కువసేపు ఉడికించినచో ఆ సారములో కొంత నశించును. గర్భము నిలిచిన మొదటి వారములలో ఇది చాలకున్నచో బిడ్డ వెన్నెముకయు మెదడును సరిగ ఏర్పడకపోవు ప్రమాదమున్నదని 1991 లో వెలువడిన పెద్ద పరిశోధన ఒకటి రుజువుచేసెను. అందుచేతనే ఆ మాత్ర పల్లెపల్లెకును వచ్చుచున్నది.

ఫోలిక్ ఆమ్లముతో ఆ కథ ముగియలేదు. రక్తక్యాన్సరు సోకిన పిల్లలకు ఈ ఆమ్లము ఇచ్చినచో రోగము హెచ్చుచున్నదని బోస్టనులో సిడ్నీ ఫార్బరు అను పిల్లల వైద్యుడు గమనించెను. అట్లయినచో దీనికి విరోధియైన వస్తువు రోగమును ఆపవలెను గదా! తాళములో దూరి తిరుగక అడ్డుపడు తప్పుడు చెవివంటి పదార్థములను సుబ్బారావు బృందము తయారుచేసి పంపెను. 1948 జూనులో ఫార్బరు ప్రకటించిన వ్యాసమున, అమినోప్టెరిన్ అను ఆ మందు పుచ్చుకొన్న 16 మంది పిల్లలలో 10 మందికి రోగము కొంతకాలము వెనుకకు తగ్గినది. అది తాత్కాలికమే. కాని అంతకుముందు ఆ రోగము పేరు విన్న తలిదండ్రులకు ఆశయన్న మాటయే లేదు. దాని సోదరియైన మెథోట్రెక్సేట్‌ను నేటికిని క్యాన్సరుకును, కీళ్ళవాతమునకును డాక్టర్లు వ్రాయుచున్నారు.

ఆ పరిశోధనశాలనుండియే ఆరియోమైసిన్ వచ్చెను. బెంజమిన్ డుగ్గరు అను వృద్ధ వృక్షశాస్త్రజ్ఞుడు, డెబ్బది యేండ్లు దాటి విశ్వవిద్యాలయమునుండి విరమించిన పిదప లెడర్లీలో చేరి, మట్టిలోని సూక్ష్మజీవులను వెదకి దానిని కనుగొనెను. ముదిమిని పక్కకు పెట్టి మట్టి పొట్లములతో కూర్చున్న ఆ వృద్ధునికి చోటిచ్చినది సుబ్బారావు. 1948 లో ప్రకటితమైన ఆరియోమైసిన్ టెట్రాసైక్లిన్ జాతి మందులలో మొదటిది. ఇక్కడ ఒక్క క్షణము ఆగవలెను. పురుషోత్తమును, కృష్ణమూర్తిని ఎనిమిది దినములలో తీసికొనిపోయిన గ్రహణి వ్యాధికి నేడు వైద్యులు ఇచ్చునది రెండు మందులు: ఒకటి ఫోలిక్ ఆమ్లము, రెండవది టెట్రాసైక్లిన్. కొన్ని నెలలు వాడినచో రోగి లేచి తిరుగును. ఆ రెండింటి మూలములును ఆ అన్నదమ్ముల నడిమివాని పరిశోధనశాలలోనే ఉన్నవి.

ఇక బోదకాలు. రెండవ ప్రపంచయుద్ధమున పసిఫిక్ దీవులకు పోయిన అమెరికా సైనికులలో వేలకొలది మందికి ఈ రోగము సోకెను. అంతవఱకు దీనికి మంచి మందు లేదు. లెడర్లీలో హ్యూవిట్ మొదలగువారు, ఇట్టి పురుగులు గల ఎలుకలపై వందలకొలది పదార్థములను పరీక్షించి, 1947 లో డి.ఇ.సి.ని తేల్చిరి. ఆ సైనికులు ఇండ్లకు పోయిరి. రోగము మాత్రము మన ఊళ్ళలో మిగిలెను.

నల్లగొండ చెఱువుల క్రింది ఊళ్ళలోను, మురుగు నిలిచిన వాడలలోను బోదకాలును చూడని తరము లేదు. దోమ కాటుతో ప్రవేశించిన పురుగు ఏండ్ల తరబడి కానరాక ఉండును. ఒకనాడు గజ్జలో బిళ్ళ కట్టి చలిజ్వరము వచ్చును. అటుపిమ్మట కాలు లావగును. అప్పటికి మాత్ర పురుగును చంపగలదు గాని కాలిని వెనుకటివలె చేయలేదు. ఆ కాలుతో పొలము దున్నినవారున్నారు. పెండ్లి కుదరక నిలిచిపోయిన ఆడపిల్లలున్నారు. కాలును దినదినము సబ్బుతో కడిగి, వ్రేళ్ళ సందులు తడిలేకుండ తుడిచి, పడుకొనునప్పుడు ఎత్తున ఉంచుకొనినచో జ్వరములు తగ్గి, బరువు తగ్గి, మనిషి పనికి పోగలుగును. కడుగుట నేర్పుటకు వచ్చిన కార్యకర్త రోగి కాలిని తన చేతులతో కడిగి చూపును. ఏండ్ల తరబడి పరుల చేయి తాకని ఆ కాలిని కడిగినప్పుడు సిగ్గుపడిన రోగులు, రెండవమాఱు ఆమె వచ్చునప్పటికి నీళ్ళు కాచి ఉంచి, తమ కాలిని చూచి తామే నవ్వుకొనుట కలదు. ఆ నవ్వు గూడ మందులోని భాగమే.

మందు పంచుట సులభమైన పని యనుకొనుట పొరపాటు. జబ్బు లేనివాడు మందెందుకు మ్రింగవలెనని అడుగును. రోగమున్నవారిని మాత్రమే వెదకి మందిచ్చిన చాలదు. రక్తములో పురుగుపిల్లలు ఉండి పైకి ఆరోగ్యముగ తిరుగువారివలననే దోమ రోగమును మోసికొనిపోవును. అందుచేత ఊరంతయు మ్రింగవలెను. రెండేండ్లలోపు పిల్లలకును, గర్భవతులకును, తీవ్రముగ జబ్బుపడినవారికిని ఈయరు. పెద్దవారికి మూడు మాత్రలు, వానితో నులిపురుగుల మాత్ర ఒకటి, అన్నము తిన్న పిదప. కొందఱికి ఆ రాత్రి తల నొప్పియు, జ్వరమును వచ్చును. అది రక్తములోని పురుగులు చచ్చుటచే కలుగు జ్వరము. ఒకటి రెండు దినములలో పోవును. కాని ఆ జ్వరముతోనే వదంతి పుట్టును. మఱునాడు మాత్రలు గోడ అవతల పడును.

సుబ్బారావు ఈ కష్టములను చూడలేదు. 1948 వ సంవత్సరము ఆగస్టులో, ఏబదిమూడవ యేట, న్యూయార్కులో నిద్రలోనే గుండె ఆగి మరణించెను. ఆరియోమైసిన్ ప్రకటితమైన కొలది వారములకే అది జరిగెను. ఇరువదియాఱేండ్లు అమెరికాలో నివసించియు ఆ దేశపు పౌరుడు కాలేదు. పని పిచ్చివాడని పేరు గలవాడైనను వినోదమెఱుగనివాడు కాడు. గుఱ్ఱపుస్వారి, విలువిద్య ఆయనకు ప్రీతి. నడివయస్సున విమానము నడపుట గూడ నేర్చుకొనెను. చిన్ననాట కాశికి పరుగెత్తిన పిల్లవాడు ఆయనలో చివఱివఱకు ఉన్నాడు. నోబెల్ బహుమానము ఆయనను చేరలేదు. ఒక బూజు జాతికి 1953 లో శాస్త్రజ్ఞులు ఆయన పేరు పెట్టిరి. శతజయంతి యగు 1995 లో భారతప్రభుత్వము తపాలా బిళ్ళను వెలువరించెను. శేషగిరి ఎదురుచూచిన భర్త ఆ బిళ్ళపైననే స్వదేశమునకు వచ్చెనని చెప్పవలెను.

బోదకాలు పురుగుపిల్లలు పగలు శరీరములో లోతున దాగి, రాత్రివేళ మాత్రమే పైరక్తములోనికి వచ్చును. కావున ఊరిలో రోగమెంత ఉన్నదో తెలియుటకు రక్తపరీక్ష రాత్రియే చేయవలెను. ఊరు అన్నము తిని పడుకొనుచుండగా ఆరోగ్య కార్యకర్తలు చేతిదీపములతో వాడలోనికి వచ్చి, అరుగుమీద నిద్రపోవుచున్నవారిని మెల్లగ లేపి, వ్రేలిని సూదితో పొడిచి గాజుపలకపై నెత్తుటిచుక్క తీసికొందురు. కుక్కలు మొఱుగును. కొందఱు విసుగుకొందురు. ఒకరిద్దఱు తలుపు తీయరు. పది యిండ్లు తిరిగినవారికి పదునొకండవ యింట ఒక ముసలమ్మ మంచినీళ్ళ చెంబు అందించి, ఈ వేళకు అన్నము తిన్నారా బిడ్డా యని అడుగును. గాజుపలకలను వరుసగ పెట్టెలో సర్దుకొని వారు తరువాతి గుమ్మమునకు పోవుదురు.